మూడు గురువారాల నడుం నొప్పి

ఆర్విడ్ హోల్మ్‌బర్గ్‌కి నడుం పట్టేసిందన్న కబురు మా ఊళ్ళో అందరికంటే ఆలస్యంగా అందింది నాకే. అది నాకు నామోషీగా అనిపించింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మందుల కొట్టు నాది. ఎవరికి పన్ను సలిపినా, కాలు బెణికినా, పెళ్ళాం మీద కోపంతో కడుపు మండినా ముందు నా గడప తొక్కాల్సిందే. ఆర్విడ్ నడుం మాత్రం నా కొట్టు వైపు చూడకుండా తిన్నగా మంచం ఎక్కింది.

ఇది యాభై నాలుగులో, అక్టోబరు నెలలో జరిగిన సంగతి. మాది విస్కాన్సిన్‌లో పాలూ వెన్నా తప్ప వేరే ఊసు లేని చిన్న ఊరు. ఆర్విడ్ ఇక్కడి వెన్న కర్మాగారంలో వెన్న రుచి చూసి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని తేల్చే ఉద్యోగి. పొద్దుట ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా నాలుక తప్ప ఇంకే అవయవమూ కదపనక్కర్లేదు. అలాంటి వెన్న మనిషికి వెన్ను నొప్పి ఎలా వచ్చిందో తెలియాలంటే చలి కిటికీల గురించి చెప్పాలి.

మా వైపు మంచు పడే లోపల ప్రతి కిటికీకీ బయట ఇంకో కిటికీ తగిలించాలి. లేకపోతే కాఫీ కప్పు నోటి దాకా వచ్చేసరికి చల్లారిపోతుంది. ఆర్విడ్ ఇంటికి అలాంటివి పదహారు ఉన్నాయి. వేసవంతా నేలమాళిగలో సుఖంగా పడుకుంటాయి. అక్టోబరులో వాటిని పైకి మోసుకొచ్చి, కడిగి, తుడిచి, నిచ్చెనెక్కి కొక్కేలకు తగిలించాలి. ఏది ఎక్కడిదో గుర్తుండాలని ఆర్విడ్ ఒకసారి వాటిమీద రంగుతో అంకెలు వేశాడు. ఆరూ తొమ్మిదీ ఒకేలా వేయడం వల్ల, పనిలో పనిగా పదహారూ తలకిందులైతే తొంభై ఒకటి కావడం వల్ల, ప్రతి ఏడూ కొన్ని కిటికీలు రెండుసార్లు నిచ్చెనెక్కి దిగేవి.

అంతకు ముందటి ఏడు సరిగ్గా అదే సమయానికి ఆర్విడ్ చీలమండ బెణికింది. అప్పుడు వాళ్ళావిడ హిల్మా, పక్క ఊళ్ళో ఉన్న తన తమ్ముడు సిగుర్డ్‌ని పిలిపించి కిటికీలు పెట్టించింది. ఆ వైభోగం ఆర్విడ్‌కి నచ్చింది. ఈసారి మూడు వారాల సెలవు పెట్టించి, సోమవారం విశ్రాంతి తీసుకో, మంగళవారం నుంచి కిటికీల పనికి నడుం బిగించు అంది హిల్మా. మంగళవారం పొద్దున్నే ఆర్విడ్ నడుం బిగుసుకుపోయింది.

"సిగుర్డ్‌ని పిలవరాదూ," అన్నాడు ఆర్విడ్ పడుకునే, పైకప్పు కేసి చూస్తూ.

"నిరుడు చీలమండ, ఈ ఏడు నడుం. ఏటేటా నీ నొప్పి పైకి పాకుతోంది. పై ఏటికి మెడ దాకా వస్తుందేమో," అంది హిల్మా. "వాణ్ణెందుకు ఇబ్బంది పెట్టడం? నీకు తగ్గాక నువ్వే పెడుదువు గాని. కిటికీలు ఎక్కడికీ పోవు."

"ఈలోగా మంచు పడితే?"

"ఇంకో దుప్పటి కప్పుతాను."

ఆర్విడ్ లెక్క అక్కడే తప్పింది. కిటికీలు అతని నడుం కోసం కాచుకుని కూర్చుంటే, నడుం బాగుపడటానికి వీల్లేదు.

హిల్మా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆమె పద్దెనిమిదేళ్ళుగా మా ఊరి టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో తీగలు కలిపే పని చేస్తోంది. ఫలానా ఆయన భార్యతో, ఇంకా ఆఫీసులోనే ఉన్నానని చెబితే, అది ఏ ఆఫీసో హిల్మాకు తెలుసు. ఫోను కలిపింది ఆవిడే. అబద్ధం నోటిలోంచి వచ్చే ముందు గొంతు ఒక్క క్షణం ఆగుతుందట. నిజం నొప్పి అయితే ముందు కేక, తర్వాత చూపు. ఆ మంగళవారం ఆర్విడ్ ముందు తను గదిలో ఉందో లేదో చూసి, తర్వాత అమ్మో అన్నాడని ఆవిడ నాతో చాలా రోజుల తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు.

బుధవారం గడిచింది. గురువారం పొద్దున్న ఆర్విడ్‌కి అసలు బాధ మొదలైంది.

గురువారం మా పోకరు క్లబ్బు. ఫైర్ స్టేషను మీది గదిలో ఒక గుండ్రటి బల్ల, ఆరు కుర్చీలు. డబ్బుతో ఆడం. ప్రతి వారం తలా యాభై ఎండు చిక్కుడు గింజలు తీసుకుంటాం. ఏడాది చివర ఎక్కువ గింజలున్నవాడికి క్రిస్మస్ నాడు ఒక పెద్ద పంది తొడ మాంసం బహుమతి. ఐదు ముక్కలు పంచుతారు. చూసుకుని పందెం కాయాలి. అక్కర్లేనివి పారేసి అన్ని కొత్తవి తీసుకుని మళ్ళీ పందెం కాయాలి. ఎదుటివాడి చేతిలో ఏముందో చివరి దాకా కనబడదు కాబట్టి ఈ ఆటలో ముక్కల కంటే ముఖం ముఖ్యం. ఆర్విడ్ ముఖానికి ఆ చదువు అబ్బలేదు. ఒక జత వస్తే చెవులు ఎర్రబడతాయి. రెండు జతలొస్తే ఈల వేస్తాడు. ఒకే రకం మూడు వస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఒకే రకం నాలుగు వస్తే ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు. పదకొండేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

అయినా ఆ కుర్చీ అంటే అతనికి ప్రాణం. దానికో ప్రమాదం ఉంది. వరసగా మూడు గురువారాలు రాకపోతే కుర్చీ పోతుంది. అది కాచుకుని ఉన్న మొదటివాడికి వెళుతుంది. ఆ మొదటివాడు మెర్విన్ ప్రాట్, బీమా ఏజెంటు. ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. మా ఆరుగురి ఆరోగ్యం గురించి అంత శ్రద్ధగా అడిగే మనిషి ఊళ్ళో లేడు. అందుకే అతన్ని పరామర్శ మెర్విన్ అంటాం. ఆర్విడ్ మంచం పట్టిన మర్నాడే మెర్విన్ ఒక సీసా ప్లమ్ జామ్ పట్టుకుని వచ్చి, తగ్గడానికి ఎన్నాళ్ళు పట్టొచ్చని మూడుసార్లు అడిగి వెళ్ళాడు.

నియమాల్లో ఇంకో వాక్యం ఉంది. జబ్బుపడ్డ సభ్యుడి తరఫున ఇంటివాళ్ళెవరైనా ఆడవచ్చు. తమ్ముళ్ళనీ బావమరుదుల్నీ దృష్టిలో పెట్టుకుని రాసుకున్న వాక్యం అది. ఇంటివాళ్ళలో ఇల్లాలు కూడా ఉంటుందని రాసినవాళ్ళకు తట్టలేదు. ఆర్విడ్‌కి తట్టింది. ఒక కాగితం మీద మూడు సూత్రాలు రాసి హిల్మా చేతికిచ్చాడు. రెండు జతలకు తక్కువైతే ముక్కలు పారెయ్యి. ఎవరితోనూ మాట్లాడకు. కుర్చీలోంచి లేవకు.

మొదటి గురువారం హిల్మా టోపీ పెట్టుకుని, అల్లికల సంచీతో వచ్చి, సాయంత్రమంతా ఆ మూడు సూత్రాలూ అక్షరాలా పాటించింది. చేతిలో ముక్కలు పారేస్తూ పోయింది, నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. కానీ ఎదురుగా మాట్లాడకుండా అల్లుకునే ఆడమనిషి కూర్చుంటే మగవాళ్ళు నోరు మూసుకుని ఉండలేరు. టైంటేబుల్ డెల్బర్ట్ మొదలుపెట్టాడు. ఆయన నలభై ఏళ్ళు రైల్లో టికెట్లు కొట్టి రిటైరైన పెద్దమనిషి. నిరుడు ఆర్విడ్‌కి చీలమండ బెణికిన వారంలోనే పోల్కా నాట్యంలో అతనికి రెండో బహుమతి వచ్చిన సంగతి తలుచుకుని మెచ్చుకున్నాడు. నేనూ ఊరుకోక, ఆర్విడ్ గట్టి మనిషి, ఇంత నొప్పికీ నా కొట్టులో ఒక్క తైలం సీసా కొనలేదు అన్నాను. హిల్మా అల్లిక ఆపకుండా తల ఊపింది.

మర్నాడు కొట్టు తెరవగానే వచ్చి అన్నిటికంటే కంపు కొట్టే తైలం ఏదని అడిగింది. గుర్రాల మోకాళ్ళకు రాసేది ఒకటుంది, మనుషులకు కాస్త ఘాటు అన్నాను. రెండు సీసాలు కట్టమంది.

ఆ వారం ఆర్విడ్ పడ్డ పాట్లు నాకు అతని నోటి వెంటే తెలిశాయి. పొద్దునా సాయంత్రం గుర్రం తైలంతో మర్దనా. నడుం నిటారుగా ఉండాలని పరుపు కింద తలుపు చెక్క. బరువైన తిండి వెన్నుకు మంచిది కాదని మూడు పూటలా క్యాబేజీ చారు, ఎండు రై రొట్టె. వెన్న నిషేధం. పద్నాలుగేళ్ళుగా రోజూ వెన్న నాకిన నాలుక అది. హిల్మా ఎక్స్‌ఛేంజికి వెళ్ళగానే ఆర్విడ్ లేచి, మెట్లు దిగి, వంటింట్లో మెర్విన్ తెచ్చిన జామ్ వేలితో తినేవాడు. మంగళవారం అలా తింటూ ఉండగా హాల్లో ఫోను మోగింది. అలవాటు ప్రకారం వెళ్ళి ఎత్తాడు.

"హలో," అన్నాడు.

"ఆర్విడ్," అంది హిల్మా. "పద్నాలుగు మెట్లు ఎలా దిగావు?"

ఆర్విడ్ గొంతు ఒక్క క్షణం ఆగింది. "పాకుతూ వచ్చాను."

"అయ్యో పాపం. ఫోను రెండోసారి మోగేసరికే ఎత్తావు. బాగా పాకుతున్నావు."

"మొదటిసారి మోగినప్పుడే బయలుదేరాను."

"సరే. ఎక్కేటప్పుడు కూడా పాకుతూనే ఎక్కు. పక్కింటి అంథియా కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, పడిపోతే నాకు చెబుతుంది."

ఆర్విడ్ పద్నాలుగు మెట్లూ నిజంగానే పాకుతూ ఎక్కాడు. మర్నాడు మోకాళ్ళకు కూడా గుర్రం తైలం పడింది.

రెండో గురువారం హిల్మా సూత్రాల కాగితం ఇంట్లో మర్చిపోయి వచ్చింది. ఆ సాయంత్రం మా అందరి గింజలూ ఆవిడ సంచీలోకి వెళ్ళాయి. నేను మంచి ముక్కలతో గంభీరంగా పందెం పెంచితే, నా గొంతు విని ముక్కలు పారేసేది. ఏమీ లేకుండా పెంచితే, నా ముఖం కూడా చూడకుండా పందేనికి వచ్చేది. విరామంలో డెల్బర్ట్ సరదాగా, రైల్లో పేకాట మోసగాళ్ళు కట్ట అడుగునుంచి ముక్క ఎలా జారవిడిచేవాళ్ళో చూపించాడు. హిల్మా మళ్ళీ చూపించమంది. తీగలు కలిపి కలిపి వేళ్ళు చురుకైన మనిషి. మూడోసారికి ఆయనకంటే నాజూగ్గా చేసింది. డెల్బర్ట్ ముచ్చటపడ్డాడు. తిరిగి వెళ్ళేటప్పుడు మాతో ఆడే మాంసం కొట్టాయన నాతో, ఆర్విడ్‌కి నిదానంగా తగ్గినా ఫరవాలేదు అన్నాడు.

ఆ మాట ఆర్విడ్ చెవిన పడింది. కుర్చీకి మెర్విన్ ఒక్కడే ప్రమాదం అనుకున్నాడు, ఇప్పుడు ప్రమాదం ఇంట్లోకే వచ్చింది. పైగా రెండు వారాలుగా ముక్క ముట్టలేదు. చెక్క మీద పడుకుని ఆలోచించి ఇంకో ఎత్తు వేశాడు. సెలవు ఇంకొన్ని రోజులే ఉంది. సోమవారం ఉద్యోగానికి వెళ్ళే పొద్దున్న నడుం దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికి చలి ముదిరి హిల్మా ఎలాగూ సిగుర్డ్‌ని పిలవక తప్పదు. ఈలోగా మూడో గురువారం ఆట తన పడకగదిలోనే పెట్టిస్తే నడుమూ మంచం మీదే ఉంటుంది, కుర్చీ కూడా దక్కుతుంది. హిల్మాతో ఆ మాట అన్నాడు. ఆవిడ వెంటనే ఒప్పుకుని, దాల్చినచెక్క కేకు కూడా చేస్తానంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అతనికి అనుమానం రావాల్సింది. కేకు మాట విన్నాక రాలేదు.

మూడో గురువారం మేమంతా మెట్లెక్కి వెళ్ళాం. మంచం పక్కన బల్ల వేశారు. ఆర్విడ్ రాత్రి చొక్కాలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని పొట్టమీద ఇస్త్రీ బల్ల అడ్డంగా పెట్టి, దానిమీద గింజలు పోశారు. గదంతా గుర్రపుశాల వాసన. మాంసం కొట్టాయనకు జలుబు చేసి రాలేదు కాబట్టి ఆ కుర్చీలో హిల్మా కూర్చుంది. మెర్విన్ కూడా పరామర్శకు వచ్చి, ఓ మూల ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు.

ఆర్విడ్ బాగానే నటించాడు. ముక్కలు అందుకున్నప్పుడల్లా మూలిగేవాడు. కాకపోతే ఈల వేస్తూ మూలగడం కష్టం. ఒకటి రెండుసార్లు రెండూ కలిసిపోయాయి.

ఎనిమిది కావస్తుండగా పంచే వంతు హిల్మాకు వచ్చింది. ముక్కలు కలిపి, కోయమని నా ముందు పెట్టింది. నా చేతిలో కేకు ఉంది. కోయకుండా, వేలితో కట్టను తట్టి ఊరుకున్నాను. అందరికీ ఐదేసి పంచింది. ఆర్విడ్ తన ముక్కలు చూసుకుని, మూలగడం మర్చిపోయి, పడుకున్న చోటునుంచే కాస్త ముందుకు జరిగాడు. మూడు ఒకే రకం వచ్చాయని మాకందరికీ తెలిసిపోయింది. రెండు పారేసి రెండు అడిగాడు. హిల్మా ఒకటిచ్చింది. రెండోది ఇచ్చేటప్పుడు అది కట్ట మీదనుంచి కాక అడుగునుంచి రావడం నా కంటబడింది. ముందు పంచిన ఆ ఒకే రకం మూడూ ఎక్కడినుంచి వచ్చాయో నేను చూడలేదు కాబట్టి చెప్పను. మందుల కొట్టు నడిపేవాడికి చూసింది చూసినట్టు మింగడం సగం చదువు. మిగతా కేకుతో పాటు అది కూడా మింగాను.

ఆర్విడ్ ముఖం తెల్లబడింది. చెవులు ఎర్రబడలేదు, ఈల రాలేదు. ఇది కొత్త లక్షణం. మేమంతా మర్యాదగా ముక్కలు పారేశాం. హిల్మా మాత్రం తాను ఒక్క ముక్క కూడా మార్చకుండా పది గింజలు పెట్టింది. అతను ఇరవై అన్నాడు. ఆవిడ నలభై అంది. అతను ఇస్త్రీ బల్ల మీదున్నవన్నీ ముందుకు తోశాడు. ఆవిడ సంచీ విప్పి, రెండు వారాల గెలుపంతా గలగలా గుమ్మరించింది.

"చూపించు," అంది.

ఆర్విడ్ నాలుగు రాణులు పరిచాడు. హిల్మా చేతిలో ఒక రెండు, ఒక ఐదు, ఒక ఏడు, ఇంకేవో రెండు ఉన్నాయి. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని ముక్కలు.

ఒకే రకం నాలుగు వస్తే ఆర్విడ్ ఏం చేస్తాడో అప్పుడు తెలిసింది. ఇస్త్రీ బల్ల గాల్లోకి లేచింది. అతను మంచం మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, పరుపు మీద మూడుసార్లు గెంతి, కిందికి దూకి, నేలమీద దొర్లుతున్న గింజల కోసం నిండా వంగి, రెండు దోసిళ్ళూ నింపుకుని లేచి నిలబడ్డాడు. పోల్కాలో రెండో బహుమతి ఊరికే ఇవ్వలేదని నాకు నమ్మకం కుదిరింది.

దొర్లుతున్న గింజ ఒకటి వెళ్ళి మెర్విన్ బూటు దగ్గర ఆగింది.

మెర్విన్ ట్రంకు పెట్టె మీదినుంచి లేచాడు. పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. క్లబ్బు నియమాలు ఆరేళ్ళుగా గుండె దగ్గర పెట్టుకు తిరుగుతున్నాడని మాకు తెలియదు. జబ్బుపడ్డ సభ్యుడి తరఫున ఇంటివాళ్ళు ఆడవచ్చునని చదివాడు. జబ్బే లేకపోతే తరఫు అన్నదే లేదని, అంచేత పోయిన రెండు గురువారాలూ రానట్టే లెక్క అనీ, ఇది క్లబ్బు గది కాదు పడకగది కాబట్టి ఇవాళ్టిది మూడోదనీ చాలా మెత్తగా, విచారంగా వివరించాడు. డెల్బర్ట్ కాగితం తీసుకుని చూసి, మెర్విన్ అన్నదాంట్లో న్యాయం ఉంది అన్నాడు.

ఆర్విడ్ దోసిట్లో గింజలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. అతనలా దిగాలుపడటం నేను ముందెన్నడూ చూడలేదు.

"మెర్విన్," అంది హిల్మా, నంబరు ఎంతని అడిగే గొంతుతో. "ఆయనకు నొప్పి నిజమే. రోజూ రెండుపూటలా రుద్దింది నేను. నాకు తెలీదా?"

"మరి ఇప్పుడు గెంతాడే."

"ఇప్పుడు తగ్గింది. తగ్గింది కదూ ఆర్విడ్?"

ఆర్విడ్ ఆవిడ వంక చూశాడు, మెర్విన్ చేతిలో కాగితం వంక చూశాడు. "తగ్గింది," అన్నాడు.

"కాస్త తగ్గిందా, పూర్తిగానా? ఇంకా కాస్త ఉందంటే మెర్విన్‌కి మళ్ళీ అనుమానం వస్తుంది."

అతనికి అప్పుడు అర్థమైంది, మాట ఎటు వెళుతోందో. కానీ ఇంకో దారి లేదు.

"పూర్తిగా."

"వంగితే?"

"ఏమీ లేదు."

"నిచ్చెనెక్కితే?"

ఈసారి చాలాసేపు పట్టింది. "ఏమీ లేదు," అన్నాడు ఆర్విడ్.

"అందరూ విన్నారుగా," అంది హిల్మా. ఇంకొంచెం కేకు కావాలా అని మమ్మల్ని అడిగింది.

మెర్విన్ కాగితం మడతలు పెట్టుకుని, నీకు బాగైనందుకు చాలా సంతోషం అన్నాడు. అంత దుఃఖంతో ఆ మాట అన్న మనిషిని నేను చూడలేదు. వెళ్ళబోయే ముందు డెల్బర్ట్, ఏడో కుర్చీ వేస్తాం, నువ్వు కూడా రావాలని హిల్మాను బతిమాలాడు. ఆవిడ నవ్వి, గురువారం సాయంత్రం మూడు గంటలసేపు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అది వదులుకోలేను అంది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆర్విడ్ నిచ్చెన మీద ఉన్నాడు. కేకు మూడు ముక్కలు తిన్న పాపానికి నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. రాత్రి పడ్డ దిగులు పూర్తిగా పోయింది. నాలుగు రాణుల సంతోషమే మిగిలింది. కిటికీ తరవాత కిటికీ ఎక్కిస్తూ, హిల్మా ఆటలో లోపాలు నాకు వివరించాడు. చేతిలో ఏమీ లేకుండా అన్ని గింజలూ ఎవరైనా కాస్తారా అన్నాడు. గొంతులు పోల్చుకోవడం వేరు, పోకరు వేరు అన్నాడు. రెండు వారాలు అదృష్టం నడిచింది, అసలైన ఆటగాడు ఎదురయ్యేసరికి తేలిపోయింది, పాపం ఆడదానికి ఎక్కడ తగ్గాలో తెలియలేదు అన్నాడు. నేను అవునవునంటూ నిచ్చెన పట్టుకున్నాను.

ఎనిమిదో కిటికీ కొక్కేలకు తగిలిస్తూ మాట ఆపాడు. అద్దం గుండెలకు ఆనించుకుని నిలబడ్డాడు.

"ఓటిస్," అన్నాడు, కిందికి చూడకుండా. "ఆ ముక్కలు పంచిందెవరు?"

"హిల్మా," అన్నాను.

లోపలివైపు, అద్దానికి అవతల హిల్మా గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. ఎడమ పక్క కాస్త పైకి ఎత్తమని వేలితో సైగ చేసింది.

ఆర్విడ్ ఎత్తాడు.